మావ కట్టిన ఎర్రగుడ్డ

ఎనిమిది పెట్టెలకు ముప్పై రెండు కాళ్ళు. కాలికొక కొబ్బరి చిప్ప, చిప్ప నిండా నీళ్ళు. నీళ్ళు ఆరితే చీమలు కాళ్ళెక్కి పెట్టెలోకి పోతాయి. చీమలు పట్టిన పెట్టెలో తేనెటీగలు ఉండవు, లేచిపోతాయి. అందుకని పొద్దున్నే ఒకసారి, ఎండలు ముదిరాక సాయంత్రం ఇంకోసారి, చెంబు పట్టుకుని ముప్పై రెండు చిప్పలూ నింపాలి. ఈ పని నేను మహా అయితే వందసార్లు చేసి ఉంటాను. మిగతా రోజులన్నీ మా అప్ప చేసింది.

పెట్టెలు ఎవరివని అడిగితే మాత్రం "నేనే పెంచుతున్నాను" అనేవాణ్ణి. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో ఎవరి పిల్లకైనా దగ్గొస్తే నా దగ్గరికే వచ్చి తేనె అడిగేవాళ్ళు. నేను రాణీ ఈగ గురించీ పోతుటీగల గురించీ రెండు ముక్కలు చెప్పి, వచ్చే వారం సీసా తెస్తానని మాటిచ్చేవాణ్ణి. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అదే నా సంగతి. అప్పట్లో అది తప్పని నాకు తోచలేదు.

మా వైపు అక్కను అప్ప అంటాం. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. పెళ్ళైన నాలుగేళ్ళకే బావ పోయాడు. పిల్లలు లేరు. తిరిగి మా ఇంటికొచ్చేనాటికి నాకు పదేళ్ళు. ఆ తర్వాత అయిదారేళ్ళకు అమ్మా నాన్నా ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోతే ఇంటికీ పొలానికీ నాకూ ఆవిడే దిక్కయింది. నన్ను ఐటీఐ చదివించింది ఆవిడే. గరివిడి ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేరిన రోజున నా యూనిఫాం ఉతికి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసిందీ ఆవిడే. తర్వాత నాకు పెళ్ళైంది, పాప పుట్టింది, పాప బడి కోసం గరివిడిలోనే అద్దె ఇల్లు తీసుకున్నాం. ఊరికీ గరివిడికీ బండి మీద గంట దారి. నాకు వారపు సెలవు గురువారం. బుధవారం ఫస్ట్ షిఫ్ట్ దిగి నేరుగా ఊరొచ్చేసి, శుక్రవారం తెల్లారకుండా మళ్ళీ బండెక్కేవాణ్ణి. అంటే ఎకరంన్నర పొలానికీ పది మామిడిచెట్లకూ ఎనిమిది తేనెటీగల పెట్టెలకూ నేను వారానికి ఒక రోజు యజమానిని.

ఈగల్ని తెచ్చింది నేనే, అందులో అబద్ధం లేదు. వ్యవసాయం వాళ్ళు రెండు రోజులు శిక్షణ ఇస్తే సెలవు పెట్టి మరీ వెళ్ళాను. రెండు పెట్టెలు, ఒక పొగడబ్బా, ముఖానికి కట్టుకునే వల తెచ్చి, ఇంటి వెనక మామిడిచెట్ల నీడన పెట్టి, మర్నాడు డ్యూటీకి వెళ్ళిపోయాను. ఏమేం చేయాలో అప్పకు చెప్పాను. చెప్పడమంటే, బండి స్టార్ట్ చేస్తూ చెప్పాను.

"నువ్వేటి సెప్పినావో ఏటో, సగం నీ బండే మింగీసింది," అంది పై వారం నేనొచ్చేసరికి. ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. చెంప మీద సున్నం రాసుకుంది. నేను భయపడి పెట్టెలు తిరిగి ఇచ్చేద్దామన్నాను. "ఎందుకూ? తప్పు నాదే. మొకం మీద గాలొదిల్తే ఈటికి కోపం," అంది. నెల తిరిగేసరికి వల తీసి అవతల పారేసింది. రెండేళ్ళకు రెండు పెట్టెలు ఎనిమిదయ్యాయి. వానొచ్చే ముందు ఈగల రొద మారుతుందని, రాణి లేని పెట్టె ఏడుపులా వినబడుతుందని ఆవిడ చెబుతుంటే నాకు ఒక్కటీ తెలిసేది కాదు. తల మాత్రం ఊపేవాణ్ణి.

నన్ను ఆటపట్టించడానికి ఊళ్ళో ఒక మనిషి ఉండేవాడు. మా పెరటి కంచెకు అవతల మూడెకరాల మామిడితోట ఆయనది. రక్తసంబంధం లేదు, ఊరి వరసన మావ. డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళు అరిగిపోయాయి, నోరు మాత్రం అరగలేదు. నా బండి చప్పుడు వినబడితే చాలు, కంచె దగ్గరికొచ్చి నిలబడేవాడు.

"ఒలమ్మీ, వొచ్చినాడు నీ గురువారం రైతు. ఈగలన్నిటినీ వరస కట్టి దండం పెట్టమను," అనేవాడు అప్పతో.

అప్ప నవ్వేది. భర్త పోయాక ఆవిడ అంతగా నవ్వింది ఆ కంచె దగ్గరే. మావ ఆవిడకు కబుర్లు చెప్పేవాడు, అత్త మామిడి తాండ్ర పంపేది, అప్ప తేనె పిండిన రోజు మొదటి సీసా వాళ్ళింటికి వెళ్ళేది. "మీ ఈగలొచ్చినకాడ నుంచి నా సెట్లకి పిందె నిలుస్తంది," అని మావ పదిమందిలో చెప్పేవాడు. నేను వారానికి ఆరు రోజులు లేని ఇంట్లో అప్పకు తోడు ఆ కంచె అవతలి ఇద్దరూ, ఇవతలి ఎనిమిది పెట్టెలూ. ఇది నాకు ఇప్పుడు తెలిసినంత బాగా అప్పుడు తెలియదు.

మామిడి పూత మీదుండగా తేనెమంచు పురుగు పడుతుంది. మందు కొట్టకపోతే పూత మాడి నల్లబడిపోతుంది. కొడితే ఆ పూత మీద వాలిన తేనెటీగ ఇల్లు చేరదు. రైతుకు పూత కావాలి, మాకు ఈగలు కావాలి. దీనికి ఒకటే దారి. మందు కొట్టే ముందు రోజు మునిమాపు వేళ, ఈగలన్నీ గూటికి చేరాక, పెట్టెల గుమ్మాలకు జాలీ బిగించి, పైన తడి గోనె కప్పి, మర్నాడంతా కదలనివ్వకూడదు. మావకు ఇది మొదటి ఏడే చెప్పాం. మందు కొట్టించే ముందు రోజు ఆయన కర్ర పొడుచుకుంటూ చుట్టు తిరిగి మా వాకిట్లోకొచ్చి చెప్పి వెళ్ళేవాడు. ఒకసారి ఆయన వచ్చేసరికి అప్ప సంతకెళ్ళింది. ఆ సాయంత్రం అత్త మళ్ళీ పరిగెత్తుకొచ్చి చెప్పబట్టి గండం గడిచింది. ఫోను చేయొచ్చు కదా అంటారేమో. కొండ వారన మాకు సిగ్నల్ వస్తే వచ్చినట్టు. అప్ప ఫోను బియ్యం డబ్బా మీద ఉండేది, అది మోగినా ఆవిడ పెరట్లో ఉండేది.

అప్పుడు వాళ్ళిద్దరూ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. దారి మలుపు నుంచి కంచెకు వరసగా రాతి స్తంభాలుంటాయి. అందులో మూడోది మా పెరటి తొట్టి దగ్గర నుంచి తిన్నగా కనబడుతుంది. మందు కొట్టించేముందు రోజు మధ్యాహ్నం మావ ఆ రాయికి ఎర్రగుడ్డ కట్టాలి. అప్ప సాయంత్రం గిన్నెలు కడుక్కుంటూ అటు ఒక చూపు చూడాలి. గుడ్డ కనిపిస్తే పెట్టెలు మూయాలి. గుడ్డల కోసం అప్ప తన పాత ఎర్రచీర ఒకటి జానెడు వెడల్పున చింపి మావకు ఇచ్చింది. ఆయన వాటిని పంపు షెడ్డులో మేకుకు తగిలించుకున్నాడు.

ఈ ఏర్పాటు జరిగినప్పుడు నేను లేను. ఫ్యాక్టరీలో మరమ్మతులకు ఫర్నేసు ఆపారు, మూడు వారాలు నాకు సెలవు దొరకలేదు. అప్ప ఫోన్‌లో చెప్పింది. ఎర్రగుడ్డ సంగతి, మూడో రాయి సంగతి, అంతా చెప్పింది. నేను కంప్రెసర్ పక్కన నిలబడి "ఊఁ, ఊఁ" అన్నాను. చెవికి ఆనింది మావ అన్న మాట, చీర అన్న మాట, అంతే. మళ్ళీ చెప్పమని అడగలేదు. అడిగితే ఇంకో రెండు నిమిషాలు పట్టేది.

ఆ మాఘమాసంలో ఒక బుధవారం, డ్యూటీ దిగి ఊరొస్తూ ఉంటే మావ తోట మలుపులో బండి చైను ఊడింది. కంచె పక్కనే బండి ఆపి, గొంతుక్కూర్చుని చైను ఎక్కించాను. రెండు చేతులూ నల్లటి నూనె. తలెత్తితే ఎదురుగా రాయికి ఎర్రగుడ్డ ఒకటి కట్టి ఉంది.

ఫిట్టర్ చేతికి గుడ్డ కనబడితే తుడుచుకోవడం ఒక్కటే తెలుసు. మాకు స్టోర్స్‌లో గుడ్డపీలికలు కొలిచి ఇస్తారు, మంచి గుడ్డ దొరికితే వదలం. రెండు ముళ్ళు వేసి ఉంది. జారుతున్న వేళ్ళతో విప్పడానికి కాస్త తిప్పలు కూడా పడ్డాను. చేతులు తుడుచుకుని, గుడ్డ ఇంకా పనికొచ్చేలా ఉందని మడిచి ప్యాంటు వెనక జేబులో పెట్టుకున్నాను. రాయికి రెండు ముళ్ళేసి గుడ్డ ఎవరు కడతారు, ఎందుకు కడతారు అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే ఈ రాత ఉండేది కాదు.

ఇంటికొచ్చి యూనిఫాం మేకుకు తగిలించి లుంగీ కట్టుకున్నాను. అప్ప తొట్టి దగ్గర గిన్నెలు కడుగుతోంది. కంచె వైపు చూసింది. నేను చూస్తూనే ఉన్నాను, ఆవిడ తలెత్తి అటు చూసి, మళ్ళీ గిన్నెల మీదకు వంగింది.

మర్నాడు పొద్దెక్కేవరకు నిద్రపోయాను. స్ప్రేయర్ ఇంజను మోతకు మెలకువ వచ్చింది. అప్ప నాకంటే ముందు పెరట్లోకి పరిగెత్తింది. అప్పటికే ఈగలు పూత మీదున్నాయి. మేం జాలీలు బిగిస్తే లోపలున్నవి లోపల, బయటవి బయట. "ఆపండర్రా" అని ఆవిడ అరిచిన అరుపు ఇంజను మోతలో కలిసిపోయింది. నేను కంచె దూకి పరిగెత్తి మందు కొట్టేవాళ్ళను ఆపేసరికి సగం తోట అయిపోయింది.

తర్వాత జరిగింది చెప్పడం కష్టం. తిరిగొచ్చిన ఈగలు పెట్టె ముందు నేల మీద రాలి, నాలుక బయటపెట్టి, ఉన్నచోటే గిరగిరా తిరిగేవి. అప్ప వాటి మధ్య కూర్చుని పంచదార నీళ్ళు చిలకరించింది. రెక్కలు తడిసి అవి ఇంకా తొందరగా పోయాయి. మధ్యాహ్నానికి పెట్టెల ముందు మట్టి కనబడలేదు. అప్ప చేట తెచ్చి ఎత్తసాగింది. ధాన్యం ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తింది. ఏడవలేదు. చేట నిండాక దాన్ని అలాగే పట్టుకుని కంచె దగ్గరికి నడిచింది. మావ అప్పటికే అక్కడికి వచ్చి ఉన్నాడు, కర్ర మీద రెండు చేతులూ వేసుకుని.

"ఏటి మావా ఇది? ఏటి సేసినాను నీకు?" అంది అప్ప.

"గుడ్డ కట్టినానమ్మీ. నిన్న కట్టినాను. నువ్వు సూణ్ణేదా?"

"ఏదీ? ఏ రాయికి? సూపించు."

మావ మూడో రాయి వైపు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. రాయి బోడిగా ఉంది. అప్పుడు నాకు అర్థమైంది. ముందు నా చేతులకు అర్థమైంది, గోళ్ళ సందుల్లో నల్లనూనె ఇంకా ఉంది.

అప్ప నోరు మంచిది. ఆ రోజు మాత్రం ఆవిడ నోటి వెంట రాని మాట లేదు. పచ్చని కొంపకు చిచ్చు పెట్టావంది, పెద్దమనిషి ముసుగులో ఉన్న పాపివంది. నలుగురూ చేరారు. మావ అన్నిటికీ ఒకటే మాట, "కట్టినానమ్మీ, సత్తెపెమాణకంగా కట్టినాను." ఆఖరికి నా వైపు తిరిగాడు.

"ఒరే అల్లుడూ, నిన్న నువ్వు ఇటేపే గదా వొచ్చినావు. నువ్వు సెప్పు. రాయికి గుడ్డ సూణ్ణేదా?"

అందరూ నన్ను చూశారు. అప్ప చేట పట్టుకుని చూస్తోంది. సాయంత్రం ఆవిడ కోపం తగ్గాక ఒంటరిగా ఉన్నప్పుడు చెబుదామనుకున్నాను. ఇప్పుడు ఇంతమందిలో కాదనుకున్నాను.

"చూడలేదు మావా," అన్నాను.

ఆయన నన్ను కాసేపు చూసి, నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఉండలేక ఊరి చివర టీ కొట్టు దగ్గరికెళ్ళి సాయంత్రం దాకా కూర్చున్నాను. గుడ్డ జేబులో ఉందన్న సంగతి అక్కడ గుర్తొచ్చింది. గబగబా ఇంటికొచ్చాను. నా యూనిఫాం ఉతికి దండెం మీద ఆరేసి ఉంది. ఎనిమిది పెట్టెల ఈగలు పోయిన రోజున కూడా, శుక్రవారం నాకు ఫస్ట్ షిఫ్ట్ ఉందని అప్ప నా బట్టలు ఉతికింది. తడి ప్యాంటు వెనక జేబులో చెయ్యి పెట్టి చూశాను. ఏమీ లేదు. దారిలో ఎక్కడో పడిపోయి ఉంటుందనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది. అప్ప మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. ఏమీ అడగలేదు. నేనూ ఏమీ చెప్పలేదు.

మిగిలిన కొద్దిపాటి ఈగలూ వారం తిరక్కుండా పెట్టెలు వదిలి లేచిపోయాయి. అప్ప పెట్టెలన్నీ కడిగి, ఆరబెట్టి, వసారాలో ఒకదాని మీద ఒకటి పేర్చింది. కొత్తవి తెస్తానని ఎన్నిసార్లన్నా ఒకటే జవాబు.

"వొద్దు. నువ్వు ఫ్యాక్టరీ సూసుకో."

ఆ రోజు తర్వాత మావను ఆవిడ ఒక్క మాట అనలేదు. అలాగని మాట్లాడనూ లేదు. కంచె దగ్గరికి వెళ్ళడం మానేసింది. అత్త పంపిన తాండ్ర రెండుసార్లు తిరిగి వెళ్ళింది, మూడోసారి రాలేదు.

ఊళ్ళో వాళ్ళకు మాత్రం మావ మతిమరుపు మనిషయ్యాడు. ముందు జాలిగా అన్నారు, తర్వాత వేళాకోళంగా అన్నారు. "మావా, పంచె కట్టుకున్నావా, అది కూడా కట్టుకున్నాననే అనుకుంటన్నావా?" అని కొట్టు దగ్గర ఎవరో అంటే అందరూ నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను. నవ్వలేదు, అంతవరకే. అత్త పంపు తాళం తీసేసుకుంది. పంచాయితీలకు పిలవడం మానేశారు. ఇంతకుముందు నా బండి చప్పుడుకు కంచె దగ్గరికొచ్చే మనిషి, ఇప్పుడు నా బండి వస్తే తోట లోపలికి పోయేవాడు.

కానీ గుడ్డ కట్టడం మానలేదు. ఇదే నన్ను ఎక్కువ తిన్నది. మా పెట్టెల్లో ఈగ లేదు, మా వైపు చూసే మనిషి లేడు, అయినా మందు కొట్టించే ముందు రోజు మధ్యాహ్నం ఆ ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి మూడో రాయికి ఎర్రగుడ్డ కట్టేవాడు. రెండు ముళ్ళు. ఒక్కోసారి పక్క రాయికి కూడా ఇంకొకటి కట్టేవాడు. కట్టి, ముడి లాగి చూసేవాడు. నాలుగు అడుగులు వెళ్ళి, తిరిగొచ్చి మళ్ళీ లాగి చూసేవాడు. అలా రెండు పూతలు గడిచాయి. అప్ప గుడ్డ కనబడిన సాయంత్రం పెరటి తలుపు వేసేసుకునేది. ఇంకా కోపం పోలేదనుకున్నాను. నేను బండి మీద ఆ మలుపు దాటేటప్పుడు ఎదర చక్రం మీద చూపు పెట్టుకుని దాటేవాణ్ణి.

ప్రతి బుధవారం ఈ వారం చెప్పేయాలనుకుంటూ బయల్దేరేవాణ్ణి. శుక్రవారం తెల్లారకుండా వచ్చే వారం చూద్దాంలే అనుకుంటూ వెళ్ళిపోయేవాణ్ణి. దూరపు ఉద్యోగంలో ఉన్న సుఖం అది. తప్పు చేసిన ఊళ్ళో వారానికి ఒక రోజే ఉండాలి. మిగతా ఆరు రోజులూ ఫర్నేసు మోతలో ఏదీ వినబడదు.

కిందటేడు శ్రావణంలో మావ పోయాడు. నాలుగు రోజులు జ్వరం, అంతే. కబురు తెలిసి షిఫ్టు మధ్యలో వచ్చేశాను. పాడె మోసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అప్ప మాత్రం మావ వాళ్ళ వాకిట్లోకి రాలేదు. దారి పక్కన కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. "సచ్చినోడి మీద కూడా ఇంత పగేటమ్మా," అని ఆడవాళ్ళు ఆవిడ వినేలాగే అన్నారు. ఆవిడ తల దించుకుంది.

ఈ చలికాలంలో నాకొక బుద్ధి పుట్టింది. అప్ప రోజంతా మాటాపలుకూ లేకుండా ఉంటోంది, ఆవిడ వద్దన్నా సరే రెండు పెట్టెల ఈగల్ని తెచ్చి పెట్టేద్దాం, పెట్టాక కాదనలేదు. నాలో నా పాపం కడుక్కుందామన్న ఆశ కూడా ఉందేమో. వసారాలో పేర్చిన పెట్టెలు ఒక్కొక్కటే దింపి మూతలు తీసి చూశాను. అన్నిటికంటే అడుగునున్న పెట్టెలో ఈగలు పట్టు కట్టే చట్రాలు లేవు. నాలుగు మడతలు పెట్టిన ఎర్రగుడ్డ ఉంది. ఉతికి ఉంది. దాని మీద నల్లగా నాలుగు వేళ్ళ గుర్తులు.

దాన్ని పట్టుకుని వాకిట్లోకొచ్చాను. అప్ప చేటలో నువ్వులు చెరుగుతోంది. నన్ను చూసింది, నా చేతిలోది చూసింది, చెరగడం ఆపలేదు.

"ఎప్పుడు దొరికింది?" అన్నాను.

"ఆ రోజే. నీ ప్యాంటు ఉతుకుతంటే."

"మరి నన్నెందుకు అడగలేదు?"

"నువ్వే సెప్తావని సూసినాను." నువ్వుల్లోంచి ఒక రాయి ఏరి అవతల వేసింది. "పై గురువారం సెప్తావని సూసినాను. ఆ పై గురువారం సూసినాను. మరి సూడ్డం మానీసినాను."

"మావకైనా చెప్పాల్సింది అప్పా."

"ఏటని సెప్పను? మా తమ్ముడు అందరి ముందరా నీ మొకం మీద అబద్దం ఆడినాడనా?" అప్పుడు చేట కింద పెట్టింది. "ఆ రోజు నోటికొచ్చిన కూత కూసీసినాను ఆయన్ని. తప్పు మాదే అని ఎల్లి కాళ్ళు ఒట్టుకోవాల. ఒట్టుకుంటే నువ్వు ఊళ్ళో తలెత్తుకోనేవు. నిన్ను పెంచింది నాను. ఆయన్ని ఒగ్గీసి నిన్ను ఎనకేసుకొచ్చినాను. తలుపేసుకుని కూకున్నాను."

ఆవిడ నా చేతిలోంచి గుడ్డ తీసుకుని ఒళ్ళో పరిచి, ఆ గుర్తుల మీద బొటనవేలితో రుద్దింది.

"సోడా ఏసి ఉతికినాను. నిమ్మకాయ రాసినాను. మరక పోనేదు," అంది.

నా వల్ల ఎనిమిది పెట్టెల ఈగలు పోయాయని ఇన్నాళ్ళూ లెక్క వేసుకున్నాను. అప్పకున్న ఒకే ఒక స్నేహాన్ని తీసేశానని, ఒక ముసలి మనిషి మీద అభాండం వేయించానని కూడా తెలుసు. కానీ ఆవిడ తెలిసి తెలిసీ నా అబద్ధాన్ని తన నెత్తిన పెట్టుకుని మోసిందని, ఊళ్ళో పగ వదలని మనిషి అనిపించుకున్నది నా కోసమని, ఆ క్షణం వరకూ నాకు తెలియదు. తెలిశాక వాకిట్లో కూలబడి ఏడ్చాను. అప్ప ఓదార్చలేదు. అలా ఊరుకోవడమే న్యాయమనిపించింది.

ఆ సాయంత్రమే గుడ్డ పట్టుకుని మావ ఇంటికెళ్ళాను. అత్త అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. కూర్చోమంది. నిలబడే మొత్తం చెప్పాను. చైను ఊడటం దగ్గర నుంచి "చూడలేదు మావా" అన్న దాకా. తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండుననుకున్నాను. అత్త గుడ్డను ఒకసారి తిప్పి చూసింది.

"అయితే కట్టినాడన్నమాట," అంది.

"కట్టాడత్తా."

"మొదట్లో కట్టినానే, ఒట్టే, అనీవోడు. ఏడాది తిరిగేతలికి, కట్టినాననే గేపకం అనీవోడు. ఆకరికి నన్నడిగీవోడు. ఏమే, నాను కట్టినానా, నేదా? నువ్వు సూసినావా? అని. నాను సూసినానేటి? నాకేటి తెలుసు? నాను కూడా మర్సిపోయుంటావులే అన్నాను." చింతపండు అంటిన వేళ్ళు కొంగుకు తుడుచుకుంది. "జరంలో కూడా అదే మాట. నానే సంపీసినానే ఆ పిల్ల పెంచిన ఈగల్ని, కట్టనేదే నాను, కట్టనేదు, అని. అలాగే పోనాడు."

ఒక మనిషి తన చేత్తో వేసిన రెండు ముళ్ళను తనే నమ్మలేకుండా పోయాడు. నేను విప్పింది గుడ్డ ఒక్కటే అనుకున్నాను.

అత్త తలెత్తింది.

"మల్లీ సెప్పు," అంది.

"మావ గుడ్డ కట్టాడు. నేనే విప్పాను."

"ఇంకాస్త గట్టిగా సెప్పు అల్లుడూ. లోపలికి ఇనపడాల."

లోపల గదిలో మావ ఫోటో, దాని కింద ఆయన కర్ర తప్ప ఏమీ లేవు. నేను గుమ్మంలోకి వెళ్ళి నిలబడి, గట్టిగా చెప్పాను.